ఆ వారం నేను ఫోన్లో పంచిన భయం

నర్సింగు పూర్తిచేసి పల్లె ఆసుపత్రుల్లో చేరబోతున్న పిల్లల కోసం ఈ నాలుగు మాటలు రాస్తున్నాను. ముప్పై నాలుగేళ్ళ ఉద్యోగంలో నాకు జరిగిన సన్మానాల గురించి రాయను. బదిలీల గురించి, పై ఆఫీసు కాగితాల గురించి కూడా రాయను. అవి మీకూ తప్పవు, అప్పుడు మీరే చూసుకుంటారు. నేను రాయాలనుకున్నది ఒక తప్పు గురించి. అది ఒకే వారంలో మొదలైంది, ఒకే పగటిపూట బయటపడింది. కానీ ఆ పగటిపూటలోనే నేను అదే తప్పును రెండోసారి కూడా చేశాను. ఆ సంగతి తెలియడానికి మాత్రం ఏళ్ళు పట్టింది.

నా పేరు రత్నమ్మ. మాది అల్లూరు దగ్గర వరి పండించే కుటుంబం. ఉద్యోగంలో ఎక్కువ కాలం చిట్టమూరు వైపు, పులికాట్ సరస్సు ఒడ్డు ఊళ్ళను చూసే ఒక చిన్న సర్కారు ఆసుపత్రిలో గడిచింది. ఆరు మంచాలు, ఒక డాక్టరు, ఇద్దరు నర్సులం. వారానికొకసారి షుగరు పేషెంట్లు వచ్చే రోజు ఉండేది. ఆ రోజు చూసుకునే బాధ్యత నాది.

నా మొదటి డాక్టరు

ముందుగా ఒక పాత సంగతి చెప్పాలి. నేను ఉద్యోగంలో చేరినప్పుడు మా డాక్టరు చేతివాసి ఉన్నవాడు. గర్భిణీ కడుపు మీద చెయ్యి పెట్టి బిడ్డ ఎటు తిరిగి ఉందో చెప్పేవాడు. కానీ షుగరు పేషెంట్లను చూస్తే ఆయనకు కోపం ఆగేది కాదు. "అన్నం తగ్గించమన్నానా లేదా? నువ్వు చస్తే నాకేం?" అని వరండా అదిరేటట్టు అరిచేవాడు.

ఆ అరుపులకు జనం ఒక ఉపాయం కనిపెట్టారు. పరీక్షకు రెండు రోజుల ముందు నుంచి పస్తుండి వచ్చేవాళ్ళు. రక్తంలో షుగరు చక్కగా కనిపించేది. డాక్టరు సంతోషపడి, "చూశావా రత్నమ్మా, నాలుగు తిడితే దారికొస్తారు" అనేవాడు. ఒక ముసలమ్మ అట్లా ఆరు నెలలు మంచి లెక్కలు చూపించి, ఏడో నెల నల్లబడిన కాలివేలితో వచ్చింది. వేలు తీసేయవలసి వచ్చింది. ఆ రోజు కూడా ఆమె రక్తంలో షుగరు మామూలుగానే ఉంది.

తిట్టే డాక్టరుకు పేషెంటు నిజం చెప్పడు. ఇది నేను అక్కడ నేర్చుకున్నాను. జన్మలో పేషెంటును తిట్టకూడదనుకున్నాను, తిట్టలేదు కూడా. కాబట్టి నేను మంచి నర్సుననే అనుకుంటూ వచ్చాను. భయపెట్టడం తిట్టడానికి తోబుట్టువని నాకు ఎవరూ చెప్పలేదు.

ఊళ్ళు మూసుకున్నప్పుడు

కరోనా వచ్చి అన్నీ బందయిన ఎండాకాలం నాకు ఉద్యోగంలో ఇంకా ఏడాది మిగిలి ఉంది. సూళ్లూరుపేట నుంచి చెన్నైకి పోయే రైళ్ళు ఆగిపోయాయి. బస్సుల్లేవు. చేపలు కొనే వ్యాపారుల వ్యాన్లు రావడం మానేశాయి. ఒడ్డు ఊళ్ళ వాళ్ళు దారులకు అడ్డంగా ముళ్ళకంప వేసుకుని, బయటివాళ్ళు లోపలికి రాకూడదని దురాయి వేసుకున్నారు. అంటే ఊరంతా కలిసి పెట్టుకున్న కట్టు. దాన్ని దాటిన మనిషిని వెలివేసినంత పని చేస్తారు.

మా షుగరు రోజు ఆగిపోయింది. పేషెంట్లను ఆసుపత్రికి రప్పించవద్దని, మూడు నెలల మాత్రలు ఒకేసారి ఇళ్ళకు పంపమని, ఫోన్లో బాగోగులు కనుక్కుంటూ ఉండమని చెప్పారు. ఆ పని నాకు అప్పగించారు.

ఇక్కడ ఒక మాట దాచకుండా చెప్పాలి. నాకూ షుగరుంది. అప్పటికి తొమ్మిదేళ్ళుగా మాత్రలు వాడుతున్నాను. టీవీ పెడితే చాలు, షుగరు ఉన్నవాళ్ళకు ఈ జబ్బు ప్రమాదమని చెప్పేవాళ్ళు. మా ఆయన రోజూ పొద్దున గేటు దాకా వచ్చి, "సెలవు పెట్టుకోరాదా" అనేవాడు. నేను రెండు మాస్కులు వేసుకుని పోయేదాన్ని. ఇంటికి రాగానే సబ్బుతో చేతులు కడుక్కుని, మళ్ళీ కడుక్కునేదాన్ని. గొంతులో కాస్త గరగరమంటే ఆ పూట అన్నం సహించేది కాదు. రోజూ పదిమందికి షుగరు పరీక్ష చేసే మనిషిని, నెలకు పైగా నాది నేను చూసుకోలేదు. ఎంత ఉందో తెలుసుకునే ధైర్యం లేక చూసుకోలేదు.

అటువంటి మనసుతో కూర్చుని ఒక వారంలో మా ఊళ్ళ షుగరు పేషెంట్లందరికీ ఫోన్లు చేశాను. అందరికీ ఇంచుమించు ఇవే మాటలు: "షుగరు ఎక్కువున్నోళ్ళకి ఈ జబ్బొస్తే ప్రాణం మీదకొస్తాది. తిండి అదుపులో పెట్టుకోండి. మాత్ర ఒక్క పూట కూడా మానబాకండి. అసలు ఇంట్లో చక్కెరే పెట్టుకోబాకండి."

ఒక్కొక్క మాట విడిగా చూస్తే తప్పని ఎవరూ అనలేరు. కానీ నా గొంతు వణుకుతుండేదని తర్వాత చాలామంది చెప్పారు. ఏం తింటున్నారని, మాత్రలు ఎట్లా వేసుకుంటున్నారని నేను ఒక్కరిని కూడా అడగలేదు. చెప్పడం, పెట్టేయడం. ఇంకా ఎంతమందికి చేయాలో అదే నా ధ్యాస.

కాంతమ్మ ఫోను

పది రోజుల తర్వాత ఒక పొద్దున ఎనిమిదిన్నరకు ఆసుపత్రిలో అడుగుపెడుతుంటే ఫోను మోగింది. కాంతమ్మ. పులికాట్ ఒడ్డున ఒక కుప్పంలో ఉంటుంది. చేపలు పట్టేవాళ్ళ ఊరిని మా వైపు కుప్పం అంటాం. ఆమె భర్త పోలయ్య అరవై దాటిన మనిషి, నా పాత షుగరు పేషెంటు. పిల్లలు పెళ్ళిళ్ళయి వేరే ఊళ్ళలో ఉన్నారు.

"నర్సమ్మా, ఆయన లెయ్యడంల్యా."

"పిలిస్తే పలకతా ఉండాడా?"

"మూలగతా ఉండాడు. కళ్ళు తెరవడంల్యా. ఒళ్ళంతా చెమట్లు, నీళ్ళలో ముంచి తీసినట్టుండాడు. ఊళ్ళో వాళ్ళందరూ ఆ మాయదారి జబ్బేనంటుండారు."

మూడు రోజుల కిందట పోలయ్యకు కాస్త దగ్గు వచ్చిందట. ఊరిపెద్దలు ఆయన్ని సరస్సు ఒడ్డున వలలు దాచే పాకలో ఉంచారు. కాంతమ్మ తిండి తీసుకుపోయి గుమ్మంలో పెట్టి వచ్చేది. ఆ పొద్దున గిన్నె అట్లాగే ఉండడం చూసి లోపలికి పోయింది.

"ఒళ్ళు కాలతా ఉండాదా? ముట్టుకుని చూడు."

"చల్లంగా ఉండాడు నర్సమ్మా. ఐసులో పెట్టిన చేప మాదిరుండాడు."

నాకు అప్పుడే అనుమానం వచ్చింది. జ్వరం లేదు, చల్లని చెమట, తెలివి లేదు. "రాత్రి ఏం తిన్నాడు?"

"గ్లాసుడు మజ్జిగ తాగినాడు."

"మాత్ర?"

"ఏసుకున్నాడు. ఏసుకోకుండా ఎట్టుంటాడు, మీరంతగా చెప్తే."

షుగరు పడిపోయింది. పెరగడం కాదు, పడిపోవడం. పెరిగిన షుగరు మనిషిని ఏళ్ళ తరబడి తింటుంది. పడిపోయిన షుగరు గంటల్లో మెదడును దెబ్బతీస్తుంది. "కాంతమ్మా, ఇంట్లో చక్కెర తీసుకురా. పరిగెత్తు."

"చక్కెర ల్యా నర్సమ్మా."

"బెల్లం?"

"అదీ ల్యా. షుగరున్న ఇంట్లో చక్కెర పెట్టుకోబాకండని మీరే అన్యారు గదా. ఉన్నదంతా ఆ రోజే మా మరిదోళ్ళకిచ్చేసినా."

"పక్కిళ్ళలో అడుగు."

"ఎవురూ తలుపు తియ్యడంల్యా నర్సమ్మా. నేను ఆ పాకలోకి పోయొచ్చినానని నన్ను చూసి తలుపులేసుకుంటుండారు." ఆమె ఏడుపు మొదలుపెట్టింది.

"ఏడవబాక. ఆయన్ని పక్కకి తిప్పి పడుకోబెట్టు. నోట్లో నీళ్ళు గానీ మజ్జిగ గానీ పొయ్యబాక, ఊపిరికి అడ్డం పడతాది. మేమొస్తుండాం."

రెండుసార్లు అడిగిన సాయం

అప్పటి మా డాక్టరు కిరణ్మయిగారు. ముప్పై ఏళ్ళుంటాయేమో. మాట తక్కువ. అంబులెన్సుకు ఫోను చేస్తే అది ఇంకో పేషెంటుతో నెల్లూరు దారిలో ఉంది, రావడానికి గంటకు పైగా పడుతుందన్నారు. ఆమె గ్లూకోజు సీసాలు, సూదులు సంచిలో వేసుకుని తన కారు తాళాలు తీశారు. "పదండి రత్నమ్మగారూ."

ఆ కుప్పం పదకొండు కిలోమీటర్లు. దారిలో ఊరూరా కంపలు, ప్రతిచోటా ఆపి చెప్పుకోవాలి. అరగంటకు తక్కువ పట్టదు. అప్పటికే ఆ మనిషి ఎంతసేపటి నుంచి అట్లా ఉన్నాడో తెలియదు.

కారులో కూర్చున్నాక నాకు సుగుణ గుర్తొచ్చింది.

సుగుణది అదే కుప్పం. ఇరవై మూడేళ్ళ పిల్ల, రవికలు కుడుతుంది. పదేళ్ళ వయసు నుంచి ఆమెకు షుగరు. పెద్దవాళ్ళకు వచ్చేది కాదు, పిల్లల్లో వచ్చే రకం. రోజూ ఇన్సులిన్ సూది వేసుకోకపోతే బతకదు. ఈ సంగతి ఆమె తల్లిదండ్రులకూ మా ఆసుపత్రిలో ఇద్దరు ముగ్గురికీ తప్ప ఇంకెవరికీ తెలియదు. దారం కోసమని, లైనింగు గుడ్డ కోసమని ఊళ్ళో చెప్పి ఆసుపత్రికి వచ్చేది. తడ వైపు నుంచి ఒక సంబంధం వచ్చి మాటలు నడుస్తున్నాయి. రైళ్ళు, బస్సులు తిరిగితే తాంబూలాలు మార్చుకుందామనుకుంటున్నారు. ఆ పిల్ల ఇంట్లో షుగరు చూసుకునే మిషనుంది. గ్లూకోజు పొడి పాకెట్టు ఎప్పుడూ ఉంటుంది.

డాక్టరుకు చెప్పాను. ఆమె రోడ్డు మీద నుంచి చూపు తిప్పకుండానే ఆలోచించారు. "ఆ అమ్మాయినే అడగండి. ఇంకెవరికీ ఆమె పేరు చెప్పొద్దు. ఒక్కసారి అడగండి. కాదంటే మళ్ళీ అడగొద్దు."

ఫోను వాళ్ళమ్మ ఎత్తింది. సంగతి వినగానే గొంతు తగ్గించి, "అట్టాంటి మాట అనబాకండి నర్సమ్మా. పోలయ్య మాకు కావాల్సినోడే, కాదనను. కానీ ఆ మిషను చేత్తో పట్టుకుని ఈదిలోకి పోతే నా బిడ్డ బతుకేం గావాల?" అంది.

తర్వాత సుగుణ ఫోను తీసుకుంది. ఆమెకు మొత్తం చెప్పాను. చెమట, చల్లదనం, తినకుండా వేసుకున్న మాత్ర.

"అది లో షుగరేనక్కా. నాకు తెలుసు గదా," అంది. ఆ తర్వాత ఏమీ మాట్లాడలేదు. వెనక వాళ్ళమ్మ ఏదో అంటోంది.

అక్కడ నేను ఆగవలసింది. ఆ పిల్లకు ఒక నిమిషం ఇవ్వవలసింది. నేను ఇవ్వలేదు. "సుగుణా, పోలయ్య సచ్చిపోయినాక నువ్వు కాంతమ్మ మొకం ఎట్టా చూస్తావే? రేపు నీ సంగతి తెలిస్తే జనమంతా తప్పు నీ మీదే ఏస్తారు," అన్నాను.

ఫోను పెట్టేసింది. పోతోందో లేదో నాకు తెలియలేదు. డాక్టరు నా వైపు ఒకసారి చూశారు.

కంప దగ్గర

కుప్పం మొదట్లో ముళ్ళకంప. అవతల నలుగురు మగవాళ్ళు ముఖాలకు తువ్వాళ్ళు కట్టుకుని నిలబడి ఉన్నారు. ముందున్నది ఊరిపెద్ద అంకయ్య.

"లోపలికి రాబాకండమ్మా. దురాయుంది."

"ఇది కరోనా కాదు, షుగరు పడిపోయింది. సూది వేస్తే లేస్తాడు," అన్నారు డాక్టరు.

"చూడకుండానే ఎట్టా చెప్తారు మీరు?"

నిజానికి మేమూ చూడలేదు. ఒకవేళ నా అంచనా తప్పయితే? అది కరోనానే అయి, నేను సుగుణను దాని నోట్లోకి తోసి ఉంటే?

అప్పుడు పాకల వైపు నుంచి కేక వినిపించింది. "ముప్పయ్యెనిమిది! అక్కా, ముప్పయ్యెనిమిదుండాది!"

సుగుణ. సందు మధ్యలో నిలబడి మిషను పైకెత్తి చూపిస్తోంది. మామూలు మనిషికి డెబ్బైకి తగ్గకూడదు. ముప్పై ఎనిమిదంటే తెలివి తప్పక ఏమవుతుంది?

"చెంప లోపల గ్లూకోజు రాసినా. మింగతా ఉండాడు," అని అరిచింది మళ్ళీ.

అంకయ్య వెనక్కి తిరిగాడు. "ఏందమే అది?"

"షుగరు చూసే మిషను మావా."

"నీకు యాడిదే?"

అప్పటికి తలుపులు ఒక్కొక్కటే తెరుచుకుంటున్నాయి. జనం గుమ్మాల్లో నిలబడి చూస్తున్నారు.

"నాదే. పదేళ్ళప్పటి నుంచీ నాకు షుగరుండాది. రోజూ సూదేసుకుంటా."

వాళ్ళమ్మ గుమ్మంలోనే కూలబడింది.

పావుగంటలో పోలయ్య కళ్ళు తెరిచాడు. మనుషుల్ని గుర్తుపట్టాడు. ఊళ్ళో వాళ్ళకు ఊపిరి వచ్చింది. "లేచినాడు గదమ్మా, ఇంక మీరు పొండి," అన్నాడు అంకయ్య.

ఇది మీరు బాగా గుర్తుపెట్టుకోండి. షుగరు మాత్రల్లో అన్నీ ఒకటి కాదు. పోలయ్యకు రెండు రకాలు ఇచ్చేవాళ్ళం. పెద్ద మాత్ర వల్ల ఒక్కదానితోనే షుగరు ఇంతగా పడిపోవడం అరుదు. చిన్న మాత్ర అట్లా కాదు. మనిషి తిన్నా తినకపోయినా అది పనిచేస్తూనే ఉంటుంది, ఒక రోజు దాటినా ఒంట్లో ఉంటుంది. చక్కెర పెడితే మనిషి లేస్తాడు. ఇంటివాళ్ళు గండం గడిచిందనుకుంటారు. కొన్ని గంటల్లో మళ్ళీ పడిపోతాడు. రెండోసారి పక్కన ఎవరూ ఉండరు.

డాక్టరు ఇదంతా చెప్పి ఆసుపత్రికి తీసుకుపోతామన్నారు. అంకయ్య ఒప్పుకోలేదు. "బయటికి పోయినోడు పద్నాలుగు రోజులు లోపలికి రాకూడదు. మోసినోళ్ళూ అంతే. ఎవురు మోస్తారు?"

"సరే. మేం ఇక్కడే నిలబడతాం," అన్నారు డాక్టరు. "మళ్ళీ పడిపోయాడనుకోండి, అప్పుడు నా మాట వింటారా?"

అంకయ్య తలూపాడు.

ఆ ఎండలో కంప ఇవతల నిలబడ్డ గంటన్నర నా ఉద్యోగంలో అన్నిటికన్నా పొడుగైనది. అవతల కాంతమ్మ, సుగుణ ఇచ్చిన గ్లూకోజు కలిపిన గంజి తాగిస్తోంది. సుగుణ మళ్ళీ చూసింది: డెబ్బై నాలుగు. ఆ పిల్ల దగ్గర పరీక్షకు వాడే పట్టీలు ఏడే మిగిలి ఉన్నాయి. దుకాణాలు మూసి ఉన్న రోజుల్లో అవి ఆమె ప్రాణానికి కాపలా. అవి పోలయ్య వేలికి ఖర్చవుతున్నాయి. మూడోసారి చూసినప్పుడు ఆమె కేక వేయలేదు. నడిచి వచ్చి మిషను అంకయ్య కళ్ళ ముందు పెట్టింది. నలభై తొమ్మిది. పోలయ్య నుదుటి మీద మళ్ళీ చెమటలట. పేరు అడిగితే వాళ్ళ నాయన పేరు చెప్తున్నాడట.

అంకయ్య చాలాసేపు ఆ అంకె వైపు చూశాడు. చదువు రాని మనిషి కాదు. తర్వాత కర్రతో ముళ్ళకంపను తనే పక్కకు లాగాడు. పోలయ్యను మోసుకురావలసిన మంచానికి నాలుగు కోళ్ళు. ఒకటి కాంతమ్మ పట్టుకుంది, ఒకటి సుగుణ, ఒకటి సుగుణ నాయన. నాలుగోదాని దగ్గరికి ఎవరూ రాలేదు. అంకయ్య ముఖానికి తువ్వాలు బిగించి కట్టుకుని తనే పట్టుకున్నాడు. ఆ తర్వాత పద్నాలుగు రోజులు కంప ఇవతల బడిలో ఉన్న నలుగురిలో ఆయనా ఒకడు.

పోలయ్య చెప్పిన మాట

ఆసుపత్రిలో గ్లూకోజు మరుసటి రోజు మధ్యాహ్నం దాకా ఎక్కిస్తూనే ఉన్నాం. గంటగంటకూ వేలు పొడిచి చూశాం. తర్వాత వచ్చిన పరీక్షలో కరోనా లేదని తేలింది. దగ్గు ఉప్పుగాలికి వచ్చే మామూలు దగ్గే.

కాస్త తేరుకున్నాక పోలయ్యను అడిగాను. "అన్నా, రోజూ ఎన్ని మాత్రలు ఏసుకుంటుండావు?"

"చిన్నవి పూటకొకటి."

"పూటకొకటా? రోజుకు ఒకటే గదా!"

"ముందు ఒకటే. నువ్వు ఫోన్లో చెప్పినాక మూడు చేసినా. అన్నం కూడా మానేసినా. షుగరుంటే ఆ జబ్బులో మొదట పొయ్యేది మేమేనంటివి గదమ్మా. ఇంటినిండా మాత్రలుండాయి. తగ్గించుకుందామని."

ఆయన నన్ను తప్పుపట్టలేదు. బడిపిల్లవాడు పాఠం అప్పజెప్పినట్టు చెప్పాడు, నా మాట బాగా విన్నానన్నట్టు. నేను బయటికి వచ్చి పంపు దగ్గర నిలబడ్డాను.

కిరణ్మయిగారు అక్కడికి వచ్చారు. "రత్నమ్మగారూ, మీ షుగరెంత?"

"చూసుకోలేదు మేడమ్."

ఆమె నా వేలు పట్టుకుని పొడిచారు. మూడు వందల నలభై. నాకు ఏడుపొచ్చింది. ఆమె దూది నా వేలి మీద అదిమి పట్టుకుని, "మీకు భయమేస్తే నాకు చెప్పండి. పేషెంట్లకు చెప్పొద్దు," అన్నారు. నేను చూసిన డాక్టర్లలో ఆమె అందరికన్నా చిన్నది. నా మీద ఒకరికి అధికారం ఉన్నందుకు నేను సంతోషపడ్డది ఆమె ఒక్కరి విషయంలోనే.

ఆ సాయంత్రం నుంచే మళ్ళీ ఫోన్లు మొదలుపెట్టాను. ఈసారి చెప్పడం మానేసి అడిగాను. నిన్నటి నుంచి ఏమేం తిన్నారు, మాత్రలు చేతిలోకి తీసుకుని ఎన్ని వేసుకుంటున్నారో చెప్పండి అని. ఒక రైతు ఒంటిపూట భోజనంతో రెండు పూటల మాత్రలు వేసుకుంటున్నాడు. ఒకామె మాత్రలన్నీ ఆపేసి కాకరకాయ రసం మీద ఉంది. ఇంకొకాయన తన మాత్రలు షుగరే లేని భార్యకు కూడా పెడుతున్నాడు, ముందుజాగ్రత్తకని. ప్రతి ఇంటికీ గుప్పెడు చక్కెర ఒక డబ్బాలో వేసి చేతికందే చోట పెట్టుకోమని చెప్పాను. కొందరు నమ్మలేదు. పది రోజుల కిందట వద్దన్నదీ ఈమే కదా అనుకున్నారు.

సుగుణ

బడిలో ఉన్న పద్నాలుగు రోజులూ సుగుణకు ఇన్సులిన్ పాలవ్యానులో పంపాం, ఫ్లాస్కులో పెట్టి. ఆమె దాన్ని తడిగుడ్డ చుట్టిన మట్టికుండలో దాచుకునేది. రోజూ అందరి ముందే సూది వేసుకుంది, దాచుకోవడానికి అక్కడ గది లేదు కనుక. తడ సంబంధం వాళ్ళు కాదని చెప్పలేదు, అవునని కూడా చెప్పలేదు. ఫోన్లు ఎత్తడం మానేశారు. ఊళ్ళో మాత్రం ఇద్దరు ఆడవాళ్ళు బడి కిటికీ దగ్గరికి వచ్చి, తమకూ చూడమని చెయ్యి చాపారట. ఇద్దరికీ షుగరుంది. ఇద్దరికీ అప్పటిదాకా తెలియదు.

ఆ తర్వాత సుగుణ నా ఫోను ఎత్తలేదు. మందులకు వాళ్ళ నాయన వచ్చేవాడు. నేను రిటైరయ్యే రోజున కూడా ఆ పిల్ల రాలేదు.

ఈ ఏడాది నేనే ఆ కుప్పానికి పోయాను. పోలయ్య ఒడ్డున వల బాగుచేసుకుంటూ కనిపించాడు. ఇప్పుడు పెద్ద మాత్ర ఒక్కటే, అన్నం తిన్నాకే. సుగుణ ఇంటి ముందు రేకుల కింద కుట్టుమిషను వేసుకుని కూర్చుని ఉంది. వాళ్ళమ్మ నన్ను కూర్చోమని, సంబంధాలు మళ్ళీ వస్తున్నాయని, ఇప్పుడు సూది సంగతి ముందే చెప్పి మాట్లాడుతున్నామని చెప్పి లోపలికి పోయింది.

"సుగుణా, ఆ రోజు నిన్ను అడక్కుండా ఉండాల్సింది. నీ సంబంధం నా వల్లే పోయింది. క్షమించమని అడిగేదానికి వచ్చినా," అన్నాను.

ఆమె కత్తెర పక్కన పెట్టింది. "సంబంధం గురించి కాదక్కా నాకు కోపం. దాచిపెట్టి చేసుకుంటే అది ఎట్టా నిలబడేదో. మీరు అడిగింది కూడా తప్పు కాదు. ఎవురన్నా అడగాల్సిందే గదా."

"మరి?"

"రెండోసారి ఒక మాటన్యారు, గుర్తుందా?"

"ఉంది."

"మీరా మాట అనేటప్పటికి నేను గ్లూకోజు పాకెట్టు చేతిలో పట్టుకునుండానక్కా. చెప్పులు కూడా ఏసుకున్నా. మీరు గమ్మునుండుంటే, నేనే పోయినానని నాకుండేది. ఇప్పుడు మా యమ్మ నన్ను చూసినప్పుడల్లా, నర్సమ్మ బెదిరిస్తే పోయింది నా బిడ్డ, అంటాది."

సుగుణ గుడ్డ సూది కిందికి సర్దుకుని మళ్ళీ కుట్టడం మొదలుపెట్టింది.